బొద్దు, ఇరుకు, గుండ్రన



ఈ టపా ఇద్దరితో తగవు పెట్టుకోవడానికి రాస్తున్నాను. మొదటివారు, గుండ్రని మొనల బొద్దక్షరం కంటబడగానే "ఇది తెలుగే కాదు, రోమను లిపి వేసుకున్న తెలుగు వేషం" అని ముఖం చిట్లించుకొనే నా సహపండితులు. రెండవవారు, ఆ బొద్దక్షరాన్నే అటూ ఇటూ నొక్కి ఇరుకు చేసి, పట్నంలోని దుకాణం మొదలుకొని అడవి పొలిమేరలోని బడిగోడ వరకు, శుభలేఖ మొదలుకొని నాలుగు పుటల వ్యాసం వరకు, వేళాపాళా లేకుండా పరచిపెట్టేవారు. మొదటివారితో తగవు చిన్నది, రెండవవారితో పెద్దది. చిన్నదానిని ముందు ముగిస్తాను.

ఏ అక్షరాన్ని గురించి ఈ గొడవ అన్నది మొదట తేల్చుకోవాలి. ఫాంటుకు 'ఖతి' అన్న మాటను అంతర్జాల మిత్రులు వాడుకలోకి తెచ్చిన నాటినుండి నేనూ దానినే పట్టుకొన్నాను. చేవ్రాతకు ఉర్దూలో ఉన్న 'ఖత్' అన్న మాటకు అది దగ్గరి చుట్టం గనుక మా ఖమ్మం వైపు వాళ్ళకు అదేమంత పరాయిదిగా తోచదు. బోల్డుకు బొద్దు, ఇటాలిక్కుకు వాలు అన్నవి కూడా అలాగే స్థిరపడ్డాయి. నేను చెప్పబోయే ఖతికి నాలుగు లక్షణాలు. గీత మందం అక్షరమంతటా ఒక్కటే, ఎక్కడా సన్నబడదు. గీత చివర కత్తితో కోసినట్లు ఉండదు, వేలికొనలా గుండ్రంగా ముగుస్తుంది. గీత లావు. అక్షరం వెడల్పు తక్కువ, నిలువు ఎక్కువ. మొదటి రెండూ దాని స్వభావం. మూడవది మోతాదుకు సంబంధించినది. నాలుగవదే అసలు ఆపద.

దీనిని ఇంగ్లీషువారు సాన్స్ సెరిఫ్ జాతిలో చేరుస్తారు. తెలుగు విషయంలో ఆ మాటకు పెద్దగా అర్థం లేదు. సెరిఫ్ అనేది రోమను అక్షరం నిలువుగీత చివర ఉండే చిన్న పాదం. అది లేకపోయినా అక్షరం అక్షరమే. కొందరు మన తలకట్టును దానితో పోల్చి, అదీ ఒక అలంకారమే అనుకొని కురచ చేస్తున్నారు, ఒకానొకచోట అక్షరం నెత్తిన మొటిమలా మిగులుస్తున్నారు. తలకట్టు అలంకారం కాదు. అది హల్లు మీద నిలిచిన అకారానికి గుర్తు. గుడి వచ్చినా ఏత్వం వచ్చినా అది తొలగిపోయేది అందుకే. ఖ, జ, ట, ణ, బ, ల వంటి కొన్నింటికి తలకట్టు లేకపోవడం వేరే సంగతి. ఉన్న అక్షరాలకు అది ప్రాణంలో భాగం. ఒకటవ తరగతి పంతులుకు తెలిసిన ఈ విషయం ఖతులు గీసేవారికి, వాటిని ఎంచేవారికి కూడా తెలిసి ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

ఇక పండితుల ఆక్షేపణ. ఒకే మందం, గుండ్రని మొన విదేశీ పోకడలట. అయ్యా, తాటాకు మీద గంటంతో రాసిన రాతను ఎప్పుడైనా చేతిలోకి తీసుకొని చూశారా? గంటం ఆకును గీరుతుంది, అంతే. ఆ గీతకు మసి పూస్తే అక్షరం కనబడుతుంది. నొక్కి రాస్తే లోతు పెరుగుతుందే తప్ప కలం రాతలోలాగా ఒకచోట లావు, ఒకచోట సన్నం అనే వయ్యారం రాదు. అంటే శతాబ్దాలపాటు మన భారతాలు, భాగవతాలు, శతకాలు నిలిచింది ఏకమందపు గుండ్రని గీతలోనే. ఆకు చీలకుండా ఉండటానికే మన లిపి గుండ్రనైందని ఒక మాట ప్రచారంలో ఉంది. రాతి మీద చెక్కిన శాసనాలలోనూ వేంగీ చాళుక్యుల కాలానికే గుండ్రదనం కనబడుతున్నది గనుక ఆ మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు, పూర్తిగా కొట్టివేయనూ అక్కరలేదు. ఏమైనా, లావు సన్నాల ఒంపులు తెలుగుకు సహజం, ఏకమందం అసహజం అనే వాదం చరిత్ర ముందు నిలవదు. ఆ ఒంపులు ఎక్కువగా కలం నుండి, అచ్చు అక్షరాలను పోతపోసినవారి చేతి నుండి వచ్చినవి. అవీ అందమైనవే. వావిళ్ళవారి పుస్తకాలతో పెరిగినవాడిని, కాదని ఎలా అంటాను?

మనలో పాతవారికి గుర్తు ఉండే ఉంటుంది. యూనికోడు తొలినాళ్ళలో మనకున్న ఖతులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. మైక్రోసాఫ్టువారి గౌతమి ఒకటి, దేశికాచారిగారు రూపొందించి ఉచితంగా పంచిన పోతన, వేమన రెండు. పోతనలో కలపు ఒంపు ఉన్నది, వేమనలో గీత అంతటా ఒకే మందం. లేఖినిలో రాసుకొని కూడలిలో ఒకరి టపాలు ఒకరు చదువుకొన్న ఆ రోజులలో వేమనను ఎవరూ రోమను వేషం అనలేదు, సులువుగా చదవగలుగుతున్నామని సంతోషించారు. ఆటవెలది చెప్పిన యోగికి నిరాడంబరపు గీత, భాగవతం చెప్పిన కవికి ఒంపుల గీత. ఆ పేర్లు పెట్టినాయన రసజ్ఞుడు. ఇప్పుడు అదే నిరాడంబరపు గీత కాస్త ఒళ్ళు చేసేసరికి అపభ్రంశం అయిపోయిందా? పండితులతో తగవు ఇంతటితో సరి.

ఒళ్ళు చేసిన ఖతులలో రెండింటిని గురించి చెప్పాలి. సిలికానాంధ్రవారు స్వేచ్ఛా అనుమతితో విడుదల చేసిన ఖతులలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ, రామభద్ర అనేవి ఉన్నాయి. లెక్కపెట్టి చూడండి, అష్టదిగ్గజాలు ఎనిమిదీ సరిపోతాయి. వీటిలో రామభద్ర బాగా బొద్దు. మా వైపు ఆ పేరు వినగానే భద్రాద్రి రాముడి పేరు పెట్టారనుకొని చేతులు జోడించేవారున్నారు. అది రామాభ్యుదయం రాసిన అయ్యలరాజు రామభద్రుడి పేరు. శీర్షికలకు, గోడపత్రాలకు, ఆహ్వానాలకు ఉద్దేశించిన ఖతి అది. రూపొందించినవారు ఆ మాట దాచలేదు కూడా. రెండవది బలూ తమ్ముడు. ముంబయిలోని ఏక్ టైప్ బృందం తయారుచేసినది, అచ్చంగా బొద్దు, మొనలు గుండ్రన. కిప్లింగు అడవికథలోని ఎలుగుబంటి పేరు దీనికి పెట్టి, ఒక్కొక్క లిపికి ఒక్కొక్క వరుస కలిపారు. మలయాళానికి చేట్టన్, ఒడియాకు భైనా, తమిళానికి తంబి, మనకు తమ్ముడు. మలయాళీకి, ఒడియావాడికి అన్న అయినవాడు మనదగ్గరికి వచ్చేసరికి తమ్ముడెందుకయ్యాడో వారినే అడగాలి. ఇప్పపూల కాలంలో చెట్ల కింద తచ్చాడే ఎలుగును దూరం నుండి చూసినవాడిని గనుక చెబుతున్నాను, పేరు చక్కగా కుదిరింది. బొద్దుగా, ముద్దుగా, మెత్తగా కనబడుతుంది. పిల్లల కథల పుస్తకం అట్ట మీద ఈ ఖతిలో పేరు చూస్తే నాకే పుస్తకం తెరవాలనిపిస్తుంది. ఎలుగును దూరం నుండి చూడాలి. అదే నియమం దీనికీ వర్తిస్తుంది.

గుండ్రని మొన ఒక్క మన గంటానిదే కాదు, బయటి ప్రపంచానికీ తెలుసు. జర్మనీలో వోక్స్‌వాగన్ సంస్థ 1970ల చివర తన వ్యాపారానికంతటికీ అటువంటి రోమను అక్షరాన్ని వాడింది. జపానులో దారిచూపే పలకల మీద గుండ్రని మొనల అక్షరాలు విరివిగా కనబడతాయి. మొన గుండ్రనైతే అక్షరం కసరదు, పిలుస్తుంది. ఇందులో నాకు ఆక్షేపణ లేదు.

ఇప్పుడు పెద్ద తగవు.

రోమను అక్షరాన్ని ఇరుకు చేయవచ్చు. ఎందుకంటే అది ప్రధానంగా నిలువుగీతల మీద నిలిచిన కట్టడం. నాలుగు గుంజల పందిరిని దగ్గరగా జరిపితే పందిరి చిన్నదవుతుంది, పందిరిగానే ఉంటుంది. తెలుగులో గుంజలు లేవు. మనవి కుండలు. కుండను రెండు వైపులా నొక్కితే అది సన్నని కుండ కాదు, పెంకులు అవుతుంది. ర, ద, డ, చ, అ, సున్న, వీటన్నింటికీ ఆధారం లోపలి ఖాళీ. అక్షరానికీ అక్షరానికీ తేడా చాలాచోట్ల ఆ ఖాళీలోనే ఉన్నది. రకారం లోపల చుక్క పెడితే ఠకారం. దకారం అడుగున గీత పెడితే ధకారం, దానికే లోపల చుక్క కూడా పెడితే థకారం. బొద్దు చేయడమంటే గీతను లోపలికి పెంచడం, ఇరుకు చేయడమంటే ఖాళీని పక్కలనుండి తగ్గించడం. ఒకేసారి రెండూ చేస్తే చుక్కకు చోటెక్కడిది?

"స్థలం చాలదు మాస్టారూ, ఏం చేయమంటారు" అన్నది నాకు ఎప్పుడూ వచ్చే సమాధానం. ఈ ఒక్క సమాధానాన్ని మాత్రం నిదానంగా విప్పి చూడాలి, ఎందుకంటే అందులో నిజం లేదు. ఖమ్మం అని రాయండి. రెండక్షరాలు. ఇంగ్లీషులో రాయండి, ఏడు. కొత్తగూడెం నాలుగు, ఇంగ్లీషులో పది. భద్రాచలం నాలుగు, ఇంగ్లీషులో పన్నెండు. వెడల్పు విషయంలో తెలుగు పొదుపరి. తెలుగుకు కావలసింది ఎత్తు. గుళ్ళు, ఏత్వాలు నెత్తిన కూర్చుంటాయి, వత్తులు కాళ్ళ కింద వేలాడతాయి. దుమ్ముగూడెంలోని 'మ్ము' చూడండి, ఇల్లెందులోని 'ల్లెం' చూడండి, ఒక్కొక్కటి అంతస్తుల మేడ. బోర్డు గీసేవాడు ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఎంత ఎత్తు ఇచ్చాడో తెలుగు వరుసకూ అంతే ఇస్తాడు. ఆ ఎత్తులోనే పై అంతస్తు, కింది అంతస్తు పట్టాలి గనుక నడుమ ఉన్న అసలు అక్షరం చిన్నదైపోతుంది. పక్కన ఇంగ్లీషు ఠీవిగా నిలబడి ఉంటుంది. అప్పుడు తెలుగు 'చిన్నగా కనబడుతున్నది' అని దానిని పట్టుకొని నిలువునా సాగదీస్తాడు. నిలువుకు సాగిన అక్షరం వెడల్పుకు ఇరుకే కదా. ఇంకా ఆననట్టు ఉంటే బొద్దు చేస్తాడు. ఎత్తు లేని జబ్బుకు వెడల్పు తగ్గించే మందు! ఇది తెలుగు లిపి లోపమని పైగా నిందించడం. 1966లో అధికార భాషా చట్టం చేసుకొన్న నేల మీద, ఇంగ్లీషు తన సహజమైన ఒడ్డూ పొడుగులతో ఉండగా తెలుగు మాత్రం ఊపిరి బిగబట్టుకొని నిలబడాలా?

మరొక సంగతి. మనం వీధులలో చూసే బొద్దు ఇరుకు గుండ్రని అక్షరాలలో చాలావాటిని ఏ శిల్పీ రూపొందించలేదు. అవి ఫ్లెక్సీ దుకాణాలలోని కంప్యూటరు తెర మీద మూడు నొక్కులలో పుట్టినవి. మామూలు ఖతిలో మాట రాసి, మూల పట్టి నిలువుకు లాగడం ఒకటి. అక్షరం చుట్టూ అదే రంగు అంచు కట్టడం రెండు. అంచు మూలలను గుండ్రన చేయడం మూడు. అంచు బయటికి ఎంత పెరుగుతుందో లోపలికీ అంత పెరుగుతుంది, ఖాళీ పూడిపోతుంది. ఇటుక పేర్చడం తెలిసినవాడు ఇరుకు స్థలంలోనూ ఇల్లు కడతాడు. ఏక్ టైప్ వారే 2022లో తెచ్చిన అనేక్ తెలుగులో ఒకే అక్షరాన్ని ఇరుకు మొదలు వెడల్పు దాకా, సన్నం మొదలు బొద్దు దాకా విడివిడిగా సరిచూసుకొంటూ గీశారు. ఇరుకు రూపంలో ఖాళీ మిగిలేటట్టు గీత బరువును సర్దారు. అది శిల్పం. మూల పట్టి లాగడం శిల్పం కాదు. అటువంటి ఖతి ఉచితంగా దొరుకుతున్న కాలంలో కూడా లాగుడు మానకపోవడాన్ని ఏమనాలి?

దీనివలన వచ్చే నష్టం కంటికి ఇంపు లేకపోవడం ఒక్కటే అయితే నేను ఇంత గొంతు చించుకోను. గోదావరి ఒడ్డు మండలాలలో, అడవిని ఆనుకొని ఉన్న బళ్ళలో ఎన్నో ఏళ్ళు తెలుగు చెప్పాను. అక్కడి పిల్లలలో అధికులకు ఇంటి భాష కోయ. తెలుగు బడిలో నేర్చుకొనేది. పట్నంలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడు అక్షరాన్ని సగం చదువుతాడు, సగం ఊహిస్తాడు. 'వీధి దీపాలు' అన్నచోట గుడిదీర్ఘం అలుక్కుపోయి 'విధి దీపాలు' అని ఉన్నా వాడికి పనికి భంగం లేదు, నవ్వుకొని పోతాడు. కోయ పిల్లవాడికి ఊహించడానికి ఇంకా మాటల మూట లేదు. అక్షరం ఏది చెబితే అదే వాడికి మాట. కోయ సహా ఎనిమిది గిరిజన భాషల పిల్లలకు మొదటి చదువు సొంత భాషలో చెప్పాలని ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో వాచకాలు తెచ్చినప్పుడు వాటికీ తెలుగు లిపినే వాడారు. అంటే ఈ లిపి స్పష్టత ఒక్క తెలుగువాడి అవసరం కాదు.

ఒకసారి మా బడి గోడకు ఒక ఆరోగ్య ప్రచారపత్రం అంటించి పోయారు. పాముకాటుకు మంత్రాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి రండి అన్నది దాని సారం. మంచి మాట, అడవి ఊళ్ళకు అత్యవసరమైన మాట. అక్షరాలు మాత్రం నేను చెబుతున్న బాపతు. బొద్దు, ఇరుకు, పసుపు మీద ఎరుపు. మూడవ తరగతి పిల్లవాడు కూడబలుక్కొని చదివి నా దగ్గరకు వచ్చాడు.

"సార్, వాము కరుస్తదా?"

పకారానికి తల తెరిచి ఉంటుంది, వకారానికి ఎడమవైపు ముడి పడి ఉంటుంది. ఆ పత్రంలో పకారం నోరు మూసుకుపోయింది. పిల్లవాడి తప్పు అణుమాత్రం లేదు, వాడు ఉన్నది ఉన్నట్లు చదివాడు. కడుపునొప్పికి వాళ్ళమ్మ పెట్టే వాము వాడికి తెలుసు, అది కరవడమే తెలియదు. తరగతి అంతా నవ్వింది. నేను పత్రాన్ని చింపలేదు గానీ, సుద్దముక్క తీసుకొని పక్కనే గోడ మీద 'పాము' అని జానెడు అక్షరాలతో రాసి, కింద బొమ్మ వేశాను. ఆ పత్రం రాయించినవారు, అచ్చువేసినవారు, అంటించినవారు ఎవరూ దానిని ఒక్క పిల్లవాడి చేత చదివించి చూసి ఉండరు.

ఊరి పేరు సంగతి చూడండి. భకారానికి పైన తలకట్టు ఉన్నది, అడుగున గీత ఉన్నది. బకారానికి రెండూ లేవు. బొద్దు ఇరుకులో తలకట్టు నెత్తికి అంటుకుపోతుంది, అడుగు గీత పొట్టలో కలిసిపోతుంది. మిగిలేది 'బద్రాచలం'. పిల్లలు ఒత్తులు పలకడం లేదని, రాయడం లేదని పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు మనం పంతుళ్ళం గుండెలు బాదుకొంటాం. బడికి వచ్చే దారిలో, బస్సు మీద, దుకాణం మీద, ఫ్లెక్సీ మీద రోజుకు ఇరవైసార్లు ఒత్తు లేని భద్రాచలాన్ని చూసే పిల్లవాడి చేత ఒత్తు ఎవరు పెట్టించగలరు? వీధి కూడా ఒక బడి. అక్కడ నల్లబల్ల మీద రాసేవాడికి ఏ శిక్షణా లేదు. 2014లో మా చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిన తరువాత భద్రాచలం పట్టణం దాటి ఎటపాక వైపు నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారుతుంది. బోర్డు మీద ప్రభుత్వం పేరు మారుతుంది. ఇరుకు మాత్రం మారదు. ఇంతటి ఏకాభిప్రాయం రెండు రాష్ట్రాలకు మరే విషయంలోనూ లేదు.

పూర్వం బోర్డులు చేతితో రాసే ఆర్టిస్టులు ఉండేవారు. మణుగూరు, చర్ల, వెంకటాపురం బస్సుల నుదుట పలకలు రాసినవారి రాత గుర్తు తెచ్చుకోండి. అదీ బొద్దే, అదీ ఏకమందమే, కుంచె మొన గుండ్రమే. స్థలమూ తక్కువే, 'వయా పాల్వంచ' అని కూడా పట్టించాలి. అయినా దుమ్ము రేగుతున్న దారిలో, దూరం నుండి, ముసలమ్మ మనుమడి చేత చదివించుకొని చేయెత్తగలిగేది. ఆ ఆర్టిస్టు ఏం చేసేవాడంటే, 'ల్వ' దగ్గరికి వచ్చేసరికి వత్తును కిందికి దించకుండా కాస్త కుడిపక్కకు జరిపేవాడు. గుడి లోపలి సందును కుంచె చివరతో మళ్ళీ తెరిచేవాడు. అక్షరాన్ని నొక్కేవాడు కాదు, మాటల నడుమ ఎడాన్ని తగ్గించేవాడు. అడ్డుగా ఉన్న 'వయా'ను చిన్నది చేసేవాడు, ఊరి పేరును చేసేవాడు కాదు. అతనికి ఖతి అన్న మాట తెలియదు, చదవవలసినవాడు ఎవరో తెలుసు.

ఈ ఖతికి పనులు లేవని నేను అనడం లేదు. గోదావరికి వరద వచ్చినప్పుడు భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులు తాకింది, 2022 జూలైలో 71.3 అడుగులు. అటువంటి వేళ లోతట్టు కాలనీలో పలక పెట్టవలసి వస్తే 'మూడవ ప్రమాద హెచ్చరిక' అన్న మూడు మాటలకు బొద్దు గుండ్రని అక్షరాన్ని మించినది లేదు. వానలో, మసకవెలుగులో లావుగీతే కనబడుతుంది, మొన గుండ్రనైతే తడిసిన రంగు కూడా అంతగా చెదరదు. కాని ఆ కింద ఏ దారిన పోవాలి, పునరావాస కేంద్రం ఎక్కడ, ఏ నంబరుకు చెప్పాలి అన్న ఐదారు వరుసలనూ అదే ఖతిలో కుక్కితే మూడు మాటలు చేసిన మేలంతా ఆ ఐదారు వరుసలు చెరిపేస్తాయి. అంతా అరిస్తే ఏదీ వినబడదు. దినపత్రికలో ఒంటి నిలువు వార్తకు శీర్షిక పెట్టేటప్పుడు ఇరుకు అక్షరం నిజంగా అవసరమే, అక్కడ వెడల్పే లేదు గనుక. సినిమా పేరు, దుకాణం పేరు, పిల్లల పుస్తకం అట్ట, సభ జరిగే తేదీ, వీటన్నింటికీ ఇది తగినదే. నా లెక్కలో నాలుగు మాటలు దాటితే దీనికి పని లేదు. అరచేతికన్నా చిన్న అక్షరంగా గోడ మీద రాయవలసి వస్తే అసలే లేదు.

మన బ్లాగర్ల దగ్గరికి వస్తాను, మన ఇంటి చెత్త మనం ఎత్తాలి కదా. పాత రోజులలో గౌతమి అక్షరాలు తెర మీద చీమల్లా కనబడేవి గనుక టపా మొత్తాన్ని బొద్దు చేసి పెట్టడం కొందరికి అలవాటైంది. తెరలు మారాయి, అలవాటు మిగిలింది. ఇందులో చాలామందికి తట్టని సాంకేతికమైన చిక్కు ఒకటి ఉన్నది. రామభద్ర వంటి ఖతికి ఉన్నది ఒకే మందం, అదీ పుట్టుకతోనే బొద్దు. కాని విహరిణికి దాని పేరు 'మామూలు' అని మాత్రమే తెలుసు. జాలపుటలో శీర్షిక ట్యాగు వేసిన ప్రతి వరుసనూ విహరిణి తనంతట తాను బొద్దు చేస్తుంది. ఖతిలో వేరే బొద్దు రూపం లేదు గనుక ఉన్న అక్షరానికే గీతను దట్టంగా పూసి నకిలీ బొద్దు తయారుచేస్తుంది. బొద్దు మీద బొద్దు! మొదటి బలూ తమ్ముడుకూ ఇదే గతి. తరువాత వచ్చిన బలూ తమ్ముడు 2లో ఐదు మందాలు ఉన్నాయి గనుక ఆ బాధ తప్పింది. మీ శీర్షికలలో 'ధ', 'ఢ', 'ఘ' ముద్దలుగా కనబడుతుంటే ఖతిని తిట్టకండి, సి.ఎస్.ఎస్.లో ఆ శీర్షికకు ఫాంట్ వెయిట్‌ను నార్మల్ చేయండి, సరిపోతుంది. వరుసల ఎడం ఇంగ్లీషుకు ఉన్నంత ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుళ్ళతో తలపడతాయి, ఒకటిన్నర రెట్లకు తగ్గకండి. టపా లోపలి పాఠానికి మండలి ఉన్నది, కలపు ఒంపు కావాలంటే తిరో తెలుగు ఉన్నది, ఏదీ డబ్బు పెట్టి కొనవలసినది కాదు. ముర్తీ గ్రంథమాలవారు 2015లో మనుచరిత్రను ఇంగ్లీషు అనువాదంతో ఎదురెదురు పుటలలో అచ్చువేశారు, దొరికితే చూడండి. పక్కన ఇంగ్లీషు ఉన్నా తెలుగుకు దక్కవలసిన ఎత్తు దక్కితే పుట ఎలా ఉంటుందో తెలుస్తుంది.

"చదవగలుగుతున్నాం కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు" అని వ్యాఖ్య రాయబోయేవారు ఉంటారని తెలుసు. మీరు చదవగలుగుతున్నారు, నిజమే. మీరు చదువు వచ్చినవారు. బోర్డు మీకోసం కాదు.

ఒక చిన్న పని చేయండి. మీకు నచ్చిన ఏ బొద్దు ఖతిలోనైనా ఈ మాటలు పెట్టండి: పాము, వాము, వీధి, విధి, భద్రాచలం, దుమ్ముగూడెం, కఠినం, కథనం, ధర. కాగితం మీద అచ్చు తీసి గోడకు అంటించి, పది అడుగులు వెనక్కు జరగండి. తరువాత ఇంట్లో రెండవ మూడవ తరగతి చదివే పిల్లలుంటే వారిచేత చదివించండి, మీరు అందించకుండా. ఏ ఖతిలో ఏ మాట తప్పిందో ఇక్కడ వ్యాఖ్యలలో రాయండి. నావంతుగా సారపాక నుండి చర్ల దాకా కనబడిన బోర్డుల ఛాయాచిత్రాలు వచ్చే వారం పెడతాను, పేర్లు, చిరునామాలు తుడిచి, అక్షరాలు మాత్రం ఉంచి.